కూలర్ ముందు కునుకు

మీసాలు సరిగ్గా మొలవని ఆ కాలంలో నా ఒంట్లో ఇద్దరు కాపురముండేవారు. చలికాలంవాడు పులి, తెల్లారకముందే లేచి రాంగోపాల్‌పేట్ మొత్తాన్నీ లేపేవాడు (కోళ్ళు నామీద కక్ష కట్టాయని మా అమ్మ అనేది). ఎండాకాలంవాడు ఉగాది పచ్చడి తిని గోడకు చేరగిలబడితే తొలకరి పడేదాకా లేచేవాడు కాదు. అలాంటి నాకు మొదటి ఉద్యోగం ఎక్కడ దొరికిందనుకున్నారు? రెజిమెంటల్ బజార్‌లో, కూలర్ల దుకాణంలో! ఈగలు తోలుకునే చలికాలమంతా ఒంటినిండా హుషారు. జనం ఎగబడే మే నెలలో కళ్ళు వాలిపోవడం. ఓ మధ్యాహ్నం యజమాని (అందరం కాకా అనేవాళ్ళం) నా మెడమీద తడిగడ్డి వేసి లేపాడు. "ఏందిర, దుకాణమా, అత్తగారిల్లా? ఇంకొక్కపారి పండుకున్నవంటే రేపటి సంది రాకు!" ఉద్యోగం పోతే మా మామయ్య ఇస్త్రీ బండి దగ్గర, బొగ్గుల పెట్టె పక్కన నిలబడాలి. మే నెలలో!

ఆ భయంతోనే ఓ పెద్ద కూలర్‌కు గడ్డి మార్చి, నీళ్ళు పోసి, గాలి ఎలా వస్తోందో చూద్దామని ముందు కూర్చున్నాను. అంతే! నా గురకకు పక్క దుకాణం షట్టర్ దానంతటదే కిందికి జారిందట (నమ్మకపోతే ఆ షట్టర్‌నే అడగండి). కళ్ళు తెరిచేసరికి కాకా చెయ్యి నామీదికి లేచి ఉంది, ఆయన వెనక నేరేడ్‌మెట్ నుంచి వచ్చిన ఓ పెద్దావిడ.

"గా పోరడు పండుకున్న కూలరే కావాలె," అందావిడ. "మా ఆయన నిద్రలేక నన్ను పరేషాన్ చేస్తుండు."

లేచిన చెయ్యి గాల్లోనే దారి మార్చుకుని నా తల నిమిరింది. "తీస్కపోండ్రమ్మా! జెర ముంగట నిలబడుండ్రి, మీకు సుత నిద్రొస్తది!"

మర్నాడు దుకాణం ముందు నవారు మంచం, దిండు! "పండుకో బిడ్డా, గదే నీ డ్యూటీ. గురక జెర గట్టిగ రావాలె. నిద్ర రాలేదో, రేపటి సంది రాకు!" ఏం చెప్పను! కూలర్ హోరున వీస్తోంది, జనం గుమిగూడారు, నాకేమో కళ్ళు మూస్తే ఇస్త్రీ పెట్టె కనిపిస్తోంది. దొంగ గురక పెడితే, "యాక్టింగ్ జేస్తుండు!" అని ఒకాయన అరిచాడు. ఇక ఆగలేక మంచం మీంచి దూకి పానా పట్టుకున్నాను. ఏం పూనిందో, నడి ఎండలో చలికాలం పులి బయటికొచ్చింది! పంపులు బిగించాను, గడ్డి మార్చాను, అడగకుండానే పక్క దుకాణం ఫ్యాన్లు కూడా విప్పి బాగుచేశాను.

"నిన్న పండుకోవద్దంటే పండుకున్నవ్, ఇయ్యాల పండుకోమంటే పనిజేస్తున్నవ్! నువ్వు మనిషివేనార?" అంటూ కాకా నెత్తి పట్టుకుని మంచంమీద కూలబడ్డాడు. కూలబడ్డవాడు కూలబడ్డట్టే నిద్రపోయాడు. ఆహా, అదీ గురకంటే! సాయంత్రానికి దుకాణంలో ఒక్క కూలర్ మిగల్లేదు. లేచి కళ్ళు నులుముకుని, ఖాళీ దుకాణాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "రేపు జల్ది రా," అన్నాడు.

ఇప్పుడు నాకు చలీ ఎండా వానా అన్నీ ఒకటే. ఏ కాలమైనా సరే, అన్నం తినగానే మా ఆవిడ "కాసేపు నడుం వాల్చండి" అంటుంది. వాలుస్తాను. పడుకోమన్నందుకు పడుకుంటున్నాను చూడండి! కాకా వింటే నమ్మడు.