బండల మీద ఆసియా

నా చిన్నప్పుడు ఒక వానాకాలం మొత్తం మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. బాపు కువైట్‌లో మేస్త్రీ. అక్కడ యుద్ధం మొదలైందని రేడియోలో విన్నప్పటి నుంచి ఆయన కబురే లేదు. అవ్వ వేములవాడ పోయి రాజన్నకు మొక్కి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. "సముద్రం అవతల ఉండె. ఇగ రాడు" అనేది, అంతే. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకునేది. బాపుతో పాటు అవ్వ కూడా పోతుందని నాకు భయం.

పక్కింటి ముస్లిం ఆమెను పెద్దమ్మ వరసలో ఖాలా అనేదాన్ని; ఆమె బడిలో భూగోళం చెప్పేది. ఒక మధ్యాహ్నం సుద్దముక్క తెచ్చి, మా ఇంటి బండల మీద గడప నుంచి అవ్వ కాళ్ళ దాకా ఆసియా ఖండాన్ని గీసింది.

"జర చూడు చెల్లె. గిది కువైట్, గిది మన ఊరు. నడుమ అంతా ఒక్కటే నేల. సముద్రం దాటే పని లేదు, నడిచైనా రావచ్చు."

అవ్వ వంగి చూసింది. "నడుమల ఏమున్నది?"

ఇరాక్ నదులు, ఇరాన్ మంచుకొండలు, ఆ వెనుక ఉప్పు ఎడారి, సింధు నది, రాజస్థాన్ ఇసుక, నర్మద, ఆఖరికి మన గోదావరి. ఖాలా వేలు ఉప్పు ఎడారి మీదికి రాగానే అవ్వ ఆపింది.

"ఆడ నీళ్ళుంటయా అక్కా?"

ఖాలా కాస్త తడబడి, ఆ ఖాళీలో ఒక చుక్క పెట్టింది. "ఉంటయ్. గీడ ఊరున్నది. బాయి ఉన్నది."

ఆ పూట అవ్వ గంజి తాగింది. ఆ తర్వాత ఖాలా బడి నుంచి రాగానే "ఇయ్యాల ఎందాక వచ్చిండక్కా?" అని అడిగేది. పెద్ద తరగతికి వచ్చాక అట్లాసులో వెతికాను. ఆ చుక్క ఉన్నచోట ఏ ఊరూ లేదు.

ఆ వానాకాలం చివర బాపు వచ్చాడు, ఎముకల గూడై. ఆ దారిన కాదు. ఇంటికి ఎదురు దిక్కున, పడమటి ఎడారిలో లారీల మీద జోర్డాన్ చేరి, అక్కడి నుంచి విమానంలో. అవ్వ ఏడుపు విని ఖాలా వచ్చింది. గుమ్మం దాటకుండానే అడిగింది.

"మా తమ్ముడు యాడన్న కనవడ్డడా భాయ్?"

ఆదిలాబాద్‌లోని ఆమె పుట్టింటి నుంచి తమ్ముడు కూడా అక్కడికే పోయాడని మాకు అప్పుడే తెలిసింది. బాపు తల అడ్డంగా ఊపాడు. అవ్వ ఆమె చేయి పట్టుకుంది. "మాకు ఒక్క మాటన్న చెప్పలేదేందక్కా?"

"నువ్వప్పటికే తింటలేకుంటివి చెల్లె" అంది ఖాలా.

ఆ తమ్ముడు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నాకూ అప్పటి ఖాలా వయసు వచ్చింది. పని కోసం పరదేశం పోయినవాళ్ళ ఫోను కోసం చూసి చూసి కుంగిపోయే ఆడవాళ్ళు మా వాడలో ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పోతే అంతా మంచే జరుగుతుందని చెప్పడానికి నాకు నోరు రాదు. పక్కన కూర్చుంటాను. అడిగినదానికి ఏదో ఒక జవాబు చెప్పి, ముందు నాలుగు ముద్దలు తినిపిస్తాను. నా ఏడుపేదైనా ఉంటే, ఇంటికి వచ్చాక ఏడుస్తాను.