పక్కవాడి కార్డు

నార్మా ఆర్మరాడ్ మొండి మనిషి. ఇంగ్లండులోని లాంకషైర్‌లో, చర్చి వెనక రేకుల హాల్లో గురువారం గురువారం పాయింట్ టూ టూ అనే చిన్న తూటాల తుపాకులు పేలే క్లబ్బులో ఎవర్నడిగినా ఆ మాటే చెబుతారు. పెళ్ళికి ముందు నుంచీ అక్కడే కాలుస్తోంది. పగలంతా బేకరీలో పిండి పిసికి, సాయంత్రం అవే చేతులతో వచ్చి, తుపాకీ వెనకుండే చిన్న కన్నంలోంచి చూసి, ఎదురుగా గురికి పెట్టిన అట్టకార్డు మీది నల్ల చుక్కని నడిమధ్యన కొట్టేది. తుపాకీ మీద స్కోపు, అదే దుర్బిణి గొట్టం, బిగించుకునేవాళ్ళంటే మహా చులకన. "అది కాల్చడం కాదు, సినిమా చూడ్డం" అనేది.

అలాంటి మనిషికి కిందటి చలికాలం నుంచి నల్ల చుక్క బూడిదరంగు మరకలా అలుక్కుపోయింది. కళ్ళకొచ్చిన జబ్బు ఆపరేషన్‌తో పోయేది కాదని, ఇక బాగుపడదని డాక్టరు చెప్పేశాడు. భర్త పోయాక ఆవిడకి మిగిలింది ఆ హాలూ, ఆ నలుగురు మనుషులూ. నెలంతా మథనపడి, చివరికి దొరికినవాటిలో చవకైన స్కోపు తెప్పించుకుంది. దీనితోనూ కుదరకపోతే తుపాకీ అప్పజెప్పేసి ఇంట్లో కూర్చుంటానని క్లబ్బులో చెప్పేసింది కూడా. సెక్రటరీ పాపం ముందురోజే ఆ స్కోపు బిగించి, గురి సరిచూసి పెట్టాడు.

ఆ సాయంత్రం నార్మా బల్ల ముందు కూర్చుంది. పక్క వరసలో క్లిఫ్. రిటైరైన బస్సు డ్రైవరు, ఆవిణ్ణి ఏడిపించకపోతే తిన్నదరగని మనిషి.

"ఏంటమ్మా అది, డ్రైనేజీ గొట్టమా?"

"ముందు నీ షూటింగు కోటు బొత్తాలు పెట్టుకోవయ్యా."

ఉన్నమాట చెప్పుకోవాలంటే, చవక సరుకు చవక సరుకే. మీట తిప్పితే టిక్కుమనదు, జావలో గరిటె తిప్పినట్టుంది. లోపల కనబడే బొమ్మ అంచులన్నీ మసక. బరువు సంగతి అడక్కండి. కానీ మధ్యలో మాత్రం ఆ చుక్క నల్లగా, గుండ్రంగా, గీత గీసినట్టు కనబడింది. ఎన్నాళ్ళయిందో నార్మా దాన్నలా చూసి. ఆశ పుట్టి, బొమ్మను పెద్దది చేసే రింగును చివరికంటా తిప్పేసింది.

"క్లిఫ్, ఇది అదురుతోందయ్యా."

"అదిరేది అది కాదు, నీ గుండె. అందరికీ అంతే. ఇన్నాళ్ళూ నీకు కనబడలేదు."

ఆవిడ ఊపిరి బిగబట్టి, అదురుకీ అదురుకీ మధ్య చూసుకుని ఐదు తూటాలు పేల్చింది.

తుపాకులు ఖాళీ చేశాక క్లిఫ్ వెళ్ళి ఇద్దరి కార్డులూ తెచ్చాడు. నార్మా కార్డు మీద ఒక్క చిల్లు లేదు. కొట్టు నుంచి తెచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆవిడ స్క్రూడ్రైవరు తీసి స్కోపు మరలు విప్పడం మొదలెట్టింది. క్లిఫ్ ఏడిపించలేదు సరికదా, మొహం తిప్పుకున్నాడు. ఆవిడకి అదే ఎక్కువ బాధేసింది.

అలా మొహం తిప్పుకున్నవాడు కాసేపటికి తన కార్డు చూసుకుని బుర్ర గోక్కున్నాడు.

"నార్మా, నేనింకా ఒక్కటీ పేల్చలేదు కదా?"

"బొత్తాలే పెట్టుకోలేదు నువ్వు."

"మరి ఇవెవరివి?"

కార్డు నల్లటి నడుమన ఐదు చిల్లులు. కోటు బొత్తాం పెడితే ఐదూ దాగిపోతాయి. రింగు తిప్పి పెద్దది చేసినకొద్దీ కనబడే చోటు చిన్నదైపోతుంది. ఆవిడకి ఒకే ఒక్క చుక్క కనబడింది. అది ఎవరిదో చూసుకోలేదు.

నార్మా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "ఇన్నేళ్ళొచ్చి పక్కవాడి కార్డు కాల్చానా, నా మొహం మండ."

"కాల్చావు. నా పేరున్న కార్డు మీద ఇంత చక్కగా పడ్డం ఇదే మొదలు. ఫ్రేము కట్టించుకుంటాను."

"తూటాలు నావయ్యా. ఇటివ్వు."

క్లిఫ్ కాసేపు బెట్టు చేసి, పెన్ను తీసి తన పేరు కొట్టేసి నార్మా అని రాశాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, విప్పిన మరలు మళ్ళీ బిగించడం మొదలెట్టింది.