సుభానీ పెట్టెలో లేని తప్పు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నానంటే ఏదో కష్టపడ్డట్టు ఉంటుంది. కష్టమేమీ పడలేదు. ఆ అబద్ధంతోనే అన్నం తిన్నాను, ఆ అబద్ధంతోనే మేడ కట్టాను. నా పేరు చెప్పను. నరసరావుపేటలో మోటారు వైండింగ్ షాపు నడిపినవాణ్ణి, అంతవరకు చాలు.

ఎనభైల మొదట్లో మా పల్నాటి పొలాలకు కరెంటు ఎప్పుడు వచ్చేదో, ఎప్పుడు పోయేదో తెలిసేది కాదు. వచ్చినా ఒక్కోసారి మూడు ఫేజులకు రెండే ఉండేవి. అలా తిరిగితే మోటారు కాయిళ్లు వేడెక్కి కాలిపోతాయి. కాలిన మోటారును బండి మీద వేసుకుని రైతు నా దగ్గరికి వచ్చేవాడు. మాడిన తీగ పీకేసి కొత్త తీగ చుట్టి ఇచ్చేవాణ్ణి. పైర్లు ఎండే రోజుల్లో నా షాపు ముందు మోటార్లు బారులు తీరి ఉండేవి. వాళ్ల ఏడుపు నాకు పండగ. అప్పట్లో ఇంత పచ్చిగా అనుకోలేదు గానీ, అంతే కదా?

నా పక్క గదిలో సుభానీ రేడియోలు బాగుచేసేవాడు. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. ఒకే క్యారేజీలో పంచుకుని తిన్న రోజులున్నాయి. అతను ఒక ఇనుప పెట్టె తయారు చేశాడు. స్టార్టరు పక్కన బిగిస్తే, ఒక ఫేజు పోగానే మోటారును ఆపేస్తుంది. మూడూ వచ్చాక తనే మళ్లీ వేస్తుంది. రైతు ఇంట్లో మంచం మీద ఉండగానే బోరు దగ్గర మోటారు దానంతటదే తిరిగే రోజు వస్తుందనేవాడు. పిచ్చోడన్నారు. నేనూ అన్నాను. భాగానికి రమ్మని మొదట నన్నే అడిగితే నవ్వి పంపించాను.

పెట్టె పనిచేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. బొల్లాపల్లి వైపు రైతులు ఒకరిని చూసి ఒకరు కొన్నారు. మరుసటి వేసవికి నా షాపు ముందు మోటార్లు పలచబడ్డాయి. నా పనివాళ్లు బీడీలు కాలుస్తూ కూర్చుంటే, పక్క గదిలో సుభానీకి తల ఎత్తే తీరిక ఉండేది కాదు. చూడలేకపోయాను. పోటీ, భయం అని దానికి మంచి పేర్లు పెట్టుకోవచ్చు. కుళ్లు, అంతే.

అప్పుడు సుభానీ పెట్టె కొన్న అంజయ్య అనే రైతు మాడిపోయిన మోటారుతో వచ్చాడు. చుట్టూ ఎవరూ లేకుండా చూసి నిజం చెప్పాడు. "రెండు ఫేజులే ఉంటే ఆ పెట్టె వెయ్యనియ్యదు మేస్త్రీ. పైరు ఎండిపోతంది. పెట్టె వైర్లు పీకి, కండెన్సరు పెట్టి డైరెక్టుగా వేశా." మా వైపు అందరూ చేసే పనే అది. లేని మూడో ఫేజు బదులు కండెన్సరు తగిలించి ఉన్న రెండింటి మీదే లాగించడం, కాలితే కరెంటోళ్లను తిట్టడం. విప్పి చూశాను. కొన్ని కాయిళ్లు బొగ్గయ్యాయి, పక్కవి కొత్తవాటిలా ఉన్నాయి. రెండు ఫేజుల మీద నడిచిన మోటారు అలాగే కాలుతుంది.

అంజయ్య ఊళ్లో మాత్రం వైర్లు పీకిన సంగతి మింగేసి, పెట్టె ఉండి కూడా మోటారు కాలిందన్నాడు. మర్నాడు ఆ ఊరి రైతులు అంజయ్యనూ అతని పెట్టెనూ ట్రాక్టరు ఎక్కించుకుని వచ్చారు. సుభానీ పెట్టె విప్పి, చెమటలు తుడుచుకుంటూ, లోపమేమీ లేదని చూపిస్తున్నాడు. వాళ్ల పెద్దాయన నా వైపు తిరిగి, ఏంది కత, నువ్వు చెప్పు మేస్త్రీ అన్నాడు. మోటారు ఎందుకు కాలిందో చెప్పడంలో వైండింగ్ మేస్త్రీదే ఆఖరి మాట. విప్పి చూసేది అతనొక్కడే కదా.

అంజయ్య నేల చూపులు చూస్తున్నాడు. నేను నల్లబడ్డ కాయిలు పైకెత్తి చూపించి, పెట్టె ఆపాల్సినప్పుడు ఆపలేదన్నాను.

సుభానీ నన్ను చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. అన్న చెప్పాడంటే ఉండే ఉంటుందన్నట్టు చూశాడు.

పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. వాటి డబ్బు వెనక్కి ఇవ్వడానికి రేడియో సామాను అమ్మాడు, ఆఖరికి భార్య కుట్టుమిషను కూడా. గది ఖాళీ చేసి, చిలకలూరిపేటలో ఒక నూలు మిల్లులో ఎలక్ట్రీషియనుగా చేరాడు. ఆ గదిని నేనే అద్దెకు తీసుకున్నాను. కాలిన మోటార్లతో నిండిపోయింది.

మిల్లులో అతను ఆ పెట్టెనే మళ్లీ చేశాడు. మిల్లు యజమాని వెనక నిలబడ్డాడు. ఎనభైలు ముగిసేలోపు నరసరావుపేట శివార్లలో సుభానీ సొంత షెడ్డు వేశాడు. పెట్టెలు తిరిగిచ్చిన రైతులే వచ్చి కొన్నారు. పిచ్చోడన్న నోళ్లే మేధావి అన్నాయి. షెడ్డు మొదలుపెట్టిన రోజు అందరి ముందూ నాకు శాలువా కప్పి, తన తప్పు మొహం మీద చెప్పి తనను నిలబెట్టింది ఈ అన్నేనన్నాడు. కప్పించుకున్నాను. వద్దనడానికి నోరు ఎందుకు రాలేదు? రాకపోవడమేంటి, రానియ్యలేదు.

జనం వెళ్లాక ఒక పెట్టె మూత తీసి, మోటారును ఆపే చిన్న ముక్క, రిలే, చూపించాడు.

"అంజయ్య మోటారు కాడ ఇది ఎందుకు మొరాయించిందో ఇప్పటికీ తెలవలా అన్నా. చానా ఎతికా. దొరక్క, దీని పక్కన ఇంకోటి పెట్టా."

"మంచి పని చేశావు."

"నీకేమన్నా తోచిందా?"

"పాత సంగతులు ఇప్పుడెందుకు లేరా."

"ఎందుకేందన్నా. నా చేతి పని మీద నాకే నమ్మకం పోయింది. ఒక్కో పెట్టె నేను చూస్తే గానీ బయటికి పోనియ్యను."

అప్పుడు చెప్పాల్సింది. ఇద్దరమే ఉన్నాం. టీ తాగి వచ్చేశాను.

ఆ రెండో రిలే శుద్ధ దండగ. దాని ఖర్చు ప్రతి పెట్టె ధరలోనూ కలిసింది. ఆ ధర పెట్టలేని రైతులు కండెన్సరుతోనే నెట్టుకొచ్చారు, మోటార్లు కాల్చుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చారు. నా అబద్ధం నాకు అలా కూడా గిట్టుబాటైంది. దెబ్బ తగిలింది కాబట్టే సుభానీ పైకొచ్చాడని ఊళ్లో అంటుంటే నేనూ తల ఊపాను. అతనికి మేలే చేశానని నాకు నేను చెప్పుకున్న రోజులూ ఉన్నాయి. సిగ్గులేని బతుకు.

అంజయ్య పోయాడు. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. నేనూ పోతే సుభానీ లేని తప్పును వెతుకుతూనే ఉంటాడు. క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. అతని ఎదుట అనలేని మాట మీ ఎదుట అంటున్నాను, అన్నాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి నాకేమీ రాదు.

నీ పెట్టె మొరాయించలేదు సుభానీ. ఆ రోజు దానికి వైర్లే లేవు.