చొక్కా మీద పేరు

మా తమ్ముణ్ణి వీధిలో అందరూ టేపు మాస్టారు అంటారు. కొలతల టేపు మెడలో లేకుండా వాణ్ణి చూసినవాళ్ళు లేరు. భోజనానికి కూర్చున్నా అదే, గుడికి వెళ్ళినా అదే. వాడి పెళ్ళిరోజున నేనే లాగి దాచేశాను, లేకపోతే ఫొటోల్లో దండతోపాటు అదీ పడేది.

వాడు కుట్టేది పోలీసు చొక్కాలు. మా దేశమంతటికీ ఒకటే పోలీసు, ఒకటే రంగు. మా ఊరి పోలీసులకు కావలసినవన్నీ మా కొట్లోనే తయారవుతాయి. వాడు కత్తిరించి కుడతాడు, నేను కాజాలు తీసి గుండీలు వేస్తాను. దేవుడు చేతులు ఇద్దరికీ సమానంగానే ఇచ్చాడు గానీ నోరు మాత్రం మొత్తం నాకే ఇచ్చేశాడు. వాడితో మాట్లాడించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. కానీ ఊళ్ళో ఏ ఆఫీసరు సంగతైనా వాడికి తెలుసు. ఫలానా ఆయనకి పై పోస్టు వచ్చిందని పేపర్లో పడకముందే ఆయన నడుం కొలత చెప్పేస్తుంది.

వాడికి ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల, నా చేతుల్లోనే పెరిగింది. ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు డ్యూటీ దిగి వస్తుంటే బజారు వీధిలో ఏదో ఊరేగింపును పోలీసులు చెదరగొడుతున్నారు. ఇది పక్కకు తప్పుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఒంటిమీద తెల్లకోటు. అయినా సరే, ఒకడు వచ్చి లాఠీతో మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగింది. నీ పాపం పండ, నర్సమ్మ ఏం చేసిందిరా నిన్ను!

స్టేషనుకి మేం ముగ్గురం వెళ్ళాం.

"కొట్టిందెవరు?" అన్నాడు ఫిర్యాదు రాసుకునేవాడు.

"పోలీసు" అంది పిల్ల.

"పోలీసంటే ఎవరమ్మా? పేరు?"

"చొక్కా మీద పేరు లేదు. హెల్మెట్టు పెట్టుకున్నాడు, మొహం కనపడలేదు."

"మరి నువ్వు చూసిందేంటి?"

పిల్ల తల వంచుకుని చెప్పింది. "జేబు చూశాను. మా నాన్న కుట్టిన జేబు. మూలల్లో మూడు కోణాల కుట్టు వేస్తాడు."

చొక్కా కుట్టినవాడి పేరు తెలుసు, తొడుక్కున్నవాడి పేరు తెలియదు. పేరు లేనివాడి మీద కేసెలా పెడతామన్నారు. తిరిగొచ్చేటప్పుడు మా తమ్ముడు దారి పొడవునా తన చేతులకేసే చూసుకున్నాడు.

చెయ్యి అతికింది గానీ పిల్ల గడప దాటడం మానేసింది. వీధిలో పోలీసు ఈల వినిపిస్తే చాలు, లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. బుజ్జగించాను, కసిరాను, ఏడ్చాను కూడా. ఒకరోజు వాళ్ళ నాన్నతో తెగేసి చెప్పింది. "వాళ్ళ పేరు పైకి కనపడేలా ఉంటే వెళ్తాను నాన్నా. మళ్ళీ కొడితే ఫలానావాడు కొట్టాడని చెప్పగలగాలి. అంతకంటే నాకేం వద్దు."

సరిగ్గా అప్పుడే చట్టసభలో పోలీసు సంస్కరణల బిల్లు వచ్చింది. మా పిల్లలాంటి వాళ్ళు దేశంలో చాలామందే ఉన్నారన్నమాట. పోలీసుల తప్పొప్పులు విచారించడానికి బయటివాళ్ళతో ఒక సంఘం వెయ్యాలి. ప్రతి పోలీసు చొక్కా మీదా పేరు కుట్టాలి. ఈ రెండూ అందులో ముఖ్యమైనవి. కొట్లో పాత టీవీ ఒకటుంది. మామూలుగా దాని మీద దారపు ఉండలు పెడతాం. మా తమ్ముడు ఉండలన్నీ దింపి, తుడిచి, పొద్దున్నే టీవీ పెట్టేవాడు. చర్చ మొదలైతే మిషను ఆగిపోయేది.

అబ్బో, ఏం చర్చలవి! పేరు రాస్తే పోలీసుల పెళ్ళాం పిల్లలకు ప్రమాదమన్నాడొకాయన. పేరెందుకు, నంబరు చాలదా అన్నాడింకొకాయన. సంఘంలో రిటైరైన పోలీసు పెద్దల్నే వెయ్యాలని ఒకరు, ఎవర్ని వెయ్యాలో మేమే చెప్పాలని అందరూ. ఒకావిడ మాత్రం నిలబడి, దెబ్బ తిన్నవాడికి కొట్టినవాడి పేరు తెలుసుకునే హక్కు లేదా అని అడిగింది. మా తమ్ముడు టీవీకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఆవిడ మాట పూర్తి కాకుండానే గోల మొదలైంది. సభ వాయిదా. ఒళ్ళు మండి నేను టీవీ కట్టేయబోతే, "ఉండక్కా, మళ్ళీ కూర్చుంటారేమో" అన్నాడు.

చివరికి మంత్రి లేచి, "పేరు విషయంలో ప్రభుత్వానికి అభ్యంతరం లేదు" అన్నాడు. అంతే. మా తమ్ముడు ఇక పేరు ఖాయమైపోయిందనుకున్నాడు.

బల్ల మీద కొత్త చొక్కాలు సిద్ధంగా ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియడానికి పేర్ల చీటీలు గుచ్చి ఉన్నాయి. వాడు అదే గుడ్డతో పట్టీలు కత్తిరించి, వాటి మీద తెల్లదారంతో పేర్లు కుట్టి, ఒక్కొక్కటీ జేబు పైన బిగించడం మొదలుపెట్టాడు. నాలుగు వైపులా రెండేసి కుట్లు. బ్లేడు పెట్టి గోకినా రావు.

"ఆర్డరు రాలేదు కదరా?" అన్నాను.

"మంత్రిగారే అన్నారు కదక్కా."

"మంత్రి మాట నమ్మి నేను గుండీ కూడా కుట్టను."

వినలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆర్డరు లేకుండా వాడు కత్తెర పట్టడం అదే మొదటిసారి. పిల్ల కూడా వచ్చి కూర్చుంది. దారాలు కత్తిరిస్తూ ఒక్కో పేరూ పైకి చదివింది. చదివి చదివి నవ్వింది. ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే చెప్పులు వేసుకుని వీధి మలుపుదాకా వెళ్ళి వచ్చింది. నేను కాజా తీస్తున్న సూది వేలికి గుచ్చుకున్నా పట్టించుకోలేదు, అంత సంతోషం నాకు.

ఓటింగు నాడు బిల్లు గట్టెక్కింది. కానీ తోకొకటి తగిలించారు. ప్రమాదం ఉందని పై అధికారి అనుకుంటే పేరు తీసేయమని చెప్పవచ్చట. ఇక ఆ సంఘం సిఫారసు చేస్తుందట, వినడం వినకపోవడం పోలీసు పెద్దల ఇష్టమట. పేరు సాధించామని ఇటువాళ్ళు బల్లలు చరిచారు, రక్షణ సాధించామని అటువాళ్ళు చరిచారు. ఓడిపోయిందెవరో మా కొట్లో కూర్చున్న మాకు తెలుసు.

చొక్కాలు తీసుకెళ్ళడానికి పోలీసు స్టోరు ఆఫీసరు వచ్చాడు. చొక్కాలు చూసి తల పట్టుకున్నాడు. "ఎవరు కుట్టమన్నారు మాస్టారూ? ఇవన్నీ విప్పేయండి. వెల్‌క్రో వెయ్యాలి. ఒక్క చేత్తో లాగితే వచ్చేయాలి, అవసరమైనప్పుడు తొందరలో ఉంటారు కదా."

"దేనికి బాబూ తొందర? కొట్టడానికా?" అన్నాను.

"అక్కా!" అన్నాడు తమ్ముడు.

ఆఫీసరు నొచ్చుకున్నాడు. "చట్టం నేను రాయలేదమ్మా. నాకూ ఆడపిల్లుంది." చెడ్డవాడు కాదు పాపం. ఎవరి మీద అరవాలో తెలియక ఎదురుగా ఉన్నవాడి మీద అరిచాను.

తను వేసిన కుట్టు తనే విప్పుకుంటూ కూర్చున్నాడు మా తమ్ముడు. అంత గట్టిగా కుట్టినందుకు అంత కష్టపడ్డాడు. పట్టీ ఊడినచోట సూది రంధ్రాలు మిగిలాయి. ఇస్త్రీ పెట్టినా పోలేదు. వెల్‌క్రో వేసిన మొదటి చొక్కాని పిల్ల చేతిలోకి తీసుకుని పట్టీ లాగింది. చర్రుమని వచ్చేసింది. మళ్ళీ అంటించింది, మళ్ళీ లాగింది. వాళ్ళ నాన్న మిషను ఆపేసి, "వద్దమ్మా" అన్నాడు.

తరవాత ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. సోమవారం వస్తే సరే, లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు. వద్దులేవే, ఎలాగో బతుకుదాం అన్నాను నేను.

"వెళ్తాను అత్తా" అంది పిల్ల. ఎన్నాళ్ళని కూర్చుంటానంది.

మనసు మార్చుకుందనుకున్నాను. ధైర్యం వచ్చిందనుకున్నాను. ఆదివారం ఇస్త్రీ చేసిన తెల్లకోటు తెచ్చి వాళ్ళ నాన్న ముందు పెట్టింది.

"దీని మీద నా పేరు కుట్టు నాన్నా. కింద నీ ఫోన్ నంబరు కూడా. పైకి కాదు, లోపల కాలరు కింద."

"బ్యాడ్జి ఉంది కదమ్మా నీకు?"

"బ్యాడ్జి ఊడిపోతుంది. కొట్టినవాడెవడో ఎలాగూ తెలియదు. పడిపోయినదాన్ని నేనెవరో అయినా తెలియాలి కదా, మీకు కబురు చెయ్యడానికి."

వాడు కోటు ఒళ్ళో పెట్టుకుని కాలరు తిరగేశాడు. ఏదైనా చెప్పరా, వద్దని చెప్పరా అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్నాను. పైకి మాత్రం దారపు ఉండ తీసి వాడి చేతికిచ్చాను.

"ఊడకుండా కుట్టు నాన్నా" అంది పిల్ల.

వాడు సూదికి దారం ఎక్కించి, ఊడకుండా కుట్టాడు.