చుక్కి డొక్కలు

"ఏమప్పా, కుక్కకు కూడు పెట్టేది లేదా మీ ఇంట్లో?"

1958 ఉగాదికి మిట్టేమరి ఊరికి వచ్చిన వియ్యంకుడు రామకృష్ణప్ప, అరుగు మీద నలుగురి ముందర మునిశామప్పను అడిగిన మాట ఇది. అతని కూతురు వనజమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చి ఏడాది కాలేదు. అడిగింది కుక్కను గురించే అయినా ఆరా తీసింది కూతురి తిండి గురించని అక్కడున్న అందరికీ అర్థమైంది. పక్కింట్లో ఉప్పు కూడా బదులు అడగని మునిశామప్పకు ముఖం మాడిపోయింది.

జవాబు లేక కాదు. చుక్కి వేటజాతి కుక్క. కెంచార్లహళ్ళి బైరప్ప ఇంట్లో తాతలనాటి నుంచి పెంచుతున్న జాతి. బళ్ళారి వైపు నుంచి గొర్రెల మందల వెంట వచ్చిందని అతను చెప్పేవాడు. పొడుగాటి మూతి, లోతైన రొమ్ము, పిడికిట్లో ఇమిడేటట్లుండే నడుము. డొక్కలు కనపడితేనే దానికి ఆరోగ్యం. కావలికి పనికిరాదు. మొరగదు, కొత్తవాళ్ళు చెయ్యి చాపితే వెనక్కి జరుగుతుంది, కసిరితే ఆ పూట తిండి ముట్టదు. చెవులపిల్లి, అదే కుందేలు, లేచిందంటే మాత్రం గట్లూ కంపలూ దానికి లెక్క కాదు. అమ్మేటప్పుడు బైరప్ప ఒక్కటే చెప్పాడు: "వేట దినం దానికేం పెట్టొద్దప్పా. కడుపు నిండా తిని పరిగెత్తితే పేగు మెలిబడతాది."

ఇదంతా వియ్యంకుడికి చెప్పి ఉండవచ్చు. పరువు పోతోందనుకున్న మనిషికి తన నోటి నిజం తనకే సాకులా వినపడుతుంది. మునిశామప్ప నవ్వి ఊరుకున్నాడు.

ఉగాది మరునాడు మగవాళ్ళంతా వేటకు పోవడం ఆ ఊళ్ళ వాడుక. ఆ పొద్దున అతను అరుగు ముందరే చుక్కికి చట్టి పెట్టాడు. రాగిముద్దలు, పైన నెయ్యి. భార్య లక్ష్మీదేవమ్మ బయటికొచ్చి, "వేటకు పోయేదానికి ఇప్పుడెందుకు ముద్దలు?" అంది.

"తిననీలే. చూసేవాళ్ళు చూడనీ."

చుక్కి కాస్త తిని మొహం తిప్పుకుంది. బుజ్జగించి చేత్తో తినిపించాడు. వియ్యంకుడు తృప్తిగా తల ఊపాడు.

గుట్ట కింది బీడులో చెవులపిల్లి లేచింది. చుక్కి పట్టింది కూడా. తెచ్చి అతని కాళ్ళ దగ్గర వేసి, కక్కబోయి కక్కలేక, వంగి నిలబడిపోయింది. పొట్ట తప్పెటలా ఉబ్బింది. తక్కినవాళ్ళు అప్పటికే గుట్ట దాటిపోయారు. వాళ్ళు తిరిగొచ్చేసరికి చుక్కి చచ్చిపోయింది. మునిశామప్ప గుంత కూడా పూడ్చేశాడు. పాము కరిచిందన్నాడు.

ఊరు విధిరాత అని సరిపెట్టుకుంది. విధికి ముద్ద నోట్లో పెట్టే చేతులుండవు. "పాపం, బాగా మేపుతాంటివి," అన్నాడు వియ్యంకుడు. లక్ష్మీదేవమ్మ చట్టి కడిగి బోర్లించింది. వనజమ్మ తిండి మాట రామకృష్ణప్ప మళ్ళీ ఎత్తలేదు.

చుక్కి ధరలో యాభై రూపాయలు శెనక్కాయల పంట వచ్చాక ఇవ్వాలని ఒప్పందం. సంగతి విని బైరప్ప కబురు పంపాడు: "పాము కరిస్తే నువ్వేం చేస్తావప్పా. దుడ్డు మాట వదిలెయ్. ఇంకో కుక్కపిల్లనిస్తా, వచ్చి తీసుకుపో."

పంట అమ్మిన డబ్బు నడుముకు కట్టుకుని మునిశామప్ప కెంచార్లహళ్ళి మలుపు దాకా పోయాడు. వద్దన్న డబ్బు చేతిలో పెడితే ఎందుకని బైరప్ప అడుగుతాడు. అడిగితే చెప్పాలి. అక్కడి నుంచే వెనక్కి తిరిగాడు.

ఆరేళ్ళ తర్వాత కూడా బైరప్పకు ఆ యాభై రూపాయలు ముట్టలేదు.