దించడానికి ఏమీ లేని ప్యాంటు

మొన్న సాయంత్రం మా మనవరాలు సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ ఇంటికొచ్చింది. చీర కుచ్చిళ్లు చైనులో పడి చిరిగాయి. అంచంతా గ్రీజు. మోకాలు దోక్కుపోయింది. ఆత్మకూరులో ఒక బట్టల షాపులో పని చేస్తుంది. మా పేట నుంచి సైకిలు మీద గట్టిగా పావుగంట దారి. ఆ దారికి ఏం వేసుకోవాలో పిల్లకు తెలియక కాదు. కాలికి పట్టినట్టుండే ప్యాంటు, చెమట పీల్చే నూలు చొక్కా వేసుకుని వచ్చి, షాపులో యూనిఫాం చీర కట్టుకుంటానని ఓనరును అడిగింది. కుదరదన్నాడట. షాపు చీరతోనే దారి పొడుగునా రావాలట, నలుగురూ చూడాలట. పైగా మార్చుకోవడానికి చోటు లేదట. నేను ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని, కనబడిన బోర్డల్లా చదువుతాను. ఆ షాపులో ‘ట్రయల్ రూం’ అని రాసిన తలుపును ఈ కళ్లతోనే చదివాను. బట్టల షాపులో బట్టలు మార్చుకోవడానికి చోటు లేదా? నాకు ఒళ్లు మండిపోయింది. నేనొచ్చి అడుగుతానంటే, “నువ్వు రాబాక అవ్వా! నువ్వొస్తే ఉండే పని గూడా ఊడతాది. నేనే మళ్లా అడుగుతాలే” అంది.

అది కిరసనాయిలు పోసి గ్రీజు మరక రుద్దుతుంటే పక్కన కూర్చుని వాళ్ల తాత సంగతి చెప్పాను. మా ఆయన చాన్నాళ్లు చేపలు పట్టాడు, కూలికి పోయాడు. ఆ తర్వాత ఆత్మకూరు బియ్యం మిల్లులో పని దొరికింది. నెల జీతం పని మా పేటలో అంతకు ముందు ఎవరికీ లేదు. మిల్లులో తిరిగే బెల్టుల మధ్య లుంగీ కట్టుకుని నిలబడితే బెల్టు మనిషినే లాక్కుంటుంది. అందుకని వాళ్లే ఒక పాత ఖాకీ ప్యాంటు ఇచ్చారు. దాని నిండా తవుడు వాసన. ఎంత వెడల్పంటే ఆయన రెండు కాళ్లూ ఒక్క గొట్టంలోనే పట్టేవి. సైకిలు తొక్కాలంటే చైను వైపు కాలు పిక్క దాకా మడిచి, పురికొసతో కట్టుకోవాల్సిందే.

ఇక్కడే వచ్చింది తంటా. మా పేట నుంచి ఆత్మకూరు పోవాలంటే ఊళ్లోంచే దారి. ఆ దారిలో పెద్దాయన ఇల్లు. పొలాలన్నీ వాళ్లవే, పంచాయితీ చెప్పేదీ వాళ్లే. ఆ ఇంటి అరుగు ముందు మా వాళ్లెవరూ సైకిలెక్కి పోకూడదు. దిగాలి. ఎగ్గట్టిన లుంగీ దించాలి. అరుగు దాటాక మళ్లీ ఎగ్గట్టుకుని ఎక్కాలి. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, అడిగినవాడు లేడు. ప్యాంటు వేసుకున్నవాడు ఏం దించాలన్నది ఎవరికీ తట్టలేదు. పెద్దాయనకు తట్టింది. “ఏందిరా, ఒంటికాలు ఎగ్గట్టుకుని పోతా ఉండావు? దించు” అన్నాడు. ఆ రోజు నుంచి మా ఆయన అక్కడ దిగడం, పురికొస విప్పడం, మడత దించడం, అరుగు దాటాక మళ్లీ మడవడం, కట్టడం. ఆ తంతు అయ్యేలోపు అరుగు మీద కూర్చున్న వాళ్లలో ఎవడో ఒకడు “ఒరే, ఆ గొడ్డుకు గడ్డేసి పో” అనేవాడు. పద్ధతి తెలిసిన మనిషి, వేసి పోయేవాడు. ఆయన పోయేసరికి మిల్లులో మోటారు వేసేసేవాళ్లు. చివరికి గుమాస్తా తేల్చి చెప్పాడు: “ఇంకొక్కసారి లేటైతే ఇంటికాడనే ఉండు.”

ఆ మాట విని నేను ఏడవలేదు. సూది తీశాను. ప్యాంటు రెండు గొట్టాలనూ పిక్కల కాడి నుంచి మడమ దాకా లోపలికి మడిచి కుట్టేశాను. ఇక చైనులో పడదు, మడిచి కట్టే పనే లేదు. పాదం దూరడమే కష్టం. “ఇదేందే, కాలు దూర్చేదెట్ట?” అని ఆయన గింజుకున్నాడు. దూర్చాడు.

మర్నాడు నేను చేపల బుట్టతో పెద్దాయన వాకిట్లోనే ఉన్నాను. వాళ్ల ఇంట్లోకి చేపలు నేనే పోసేదాన్ని. మా ఆయన వచ్చాడు, అలవాటు కొద్దీ దిగాడు.

“దించరా” అన్నాడు పెద్దాయన.

“దించేదానికి ఏం లేదయ్యా. మా ఆడది కుట్టేసినాది.”

అందరూ నా వైపు తిరిగారు. “దించమన్నానా లేదా?” అని అరిచాడు పెద్దాయన.

నేను బుట్ట కింద పెట్టాను. “అయ్యా, ఇంక దించాలంటే ప్యాంటే దించాల. నడీదిలో దించమంటే చెప్పండి, గుండీలు నేనే ఇప్పుతా” అన్నాను.

తలుపు వెనకాల వాళ్లింటి ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. పెద్దాయన మొహం కందగడ్డయింది. “ఛీ, పో!” అన్నాడు. మా ఆయన అమాయకుడో గడుసువాడో నాకు ఇప్పటికీ తెలియదు. పొమ్మన్నాడు కదా అని అక్కడే, ఆ అరుగు ముందే సైకిలెక్కి తొక్కుకుంటూ పోయాడు.

మిల్లులో ఆయన పని ఊడకుండా నిలబడింది. మా చేపలు మాత్రం ఆ ఇంటివాళ్లు మళ్లీ కొనలేదు. ఆ పంట కారులో నాట్లకు నన్ను ఎవరూ పిలవలేదు. అనుమసముద్రంపేట దర్గా కాడి అంగళ్లలో పాత ప్యాంట్లు కొని మా పేట మగవాళ్లంతా తొడుక్కున్నారు, సైకిలు లేనివాళ్లు కూడా. మా వాళ్లు ఈ కథ చెప్పుకుని పడీ పడీ నవ్వుతారు. నాకు నవ్వు రాదు. మనిషి తన పనికి తాను పోవడానికి పెళ్లాం వీధిలో నిలబడి గుండీలు విప్పుతానని బెదిరించాలా? లేటైతే పని పోతుందయ్యా అని ఆయన ఎన్ని దినాలు బతిమాలాడో! ఆ మాట ఒక్క చెవిలోకీ పోలేదు. సిగ్గులేని మాట అంటేనే పోయింది.

మనవరాలు నవ్వుతుందనుకున్నాను. రుద్దడం ఆపి నా వైపు చూసింది. “అది సరే అవ్వా, దోవ గవర్నమెంటుది, సైకిలు తాతది. అసలు తాత ఎందుకు దిగినాడు?”

చెప్పబోయాను. పొలాలు వాళ్లవి కదా, పనులు వాళ్లవి కదా, మన వాళ్లందరూ దిగేవాళ్లు కదా అన్నాను. ప్రతి మాటకూ అది “అయితే?” అంటుంది. ఆ రోజుల్లో పసిబిడ్డకు కూడా తెలిసిన జవాబు ఈ పిల్లకు అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు. కాలం మారిందంటే ఇంతేనేమో: మనం ఒకనాడు నోరెత్తి అడగలేని ప్రశ్నను మన బిడ్డలు తేలిగ్గా అడుగుతారు, మన దగ్గర చెప్పుకోదగ్గ జవాబు ఉండదు.