మరిది వేసిన అతుకుల వైరు

మా మరిది మీద నాకు కోపం చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు. మరిదంటే సొంత మరిది కాదు, మా ఆయనకి పినతల్లి కొడుకు. అనకాపల్లిలో మా వీధికి ఇంటర్నెట్ లైన్లు వేసేది అతనే. వీధి మొత్తానికి వైర్లు పంచే పెట్టె ఎవరో ఒకరింట్లో పెట్టి, వాళ్ల కరెంటే వాడుకోవడం ఇక్కడ మామూలు. మొహమాటానికి పోతే ఏదో వచ్చిందని సామెత ఉంది కదా, మాకు పెట్టె వచ్చింది.

పెట్టె మా వరండాలోనే ఉన్నా లైను పోయేది మాకే. అందరికీ కొత్త వైరు వేసి, మా మేడ మీది గదికి మాత్రం మిగిలిన ముక్కలు అతికించాడు. మూడు అతుకులు. అడిగితే, "మనోళ్లే కదా వదినా, సద్దుకుంతారు" అన్నాడు.

ఆ గదిలో కూర్చుని నేను పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పేదాన్ని. పెళ్లయిన తొమ్మిదేళ్లకి నాకంటూ దొరికిన మొదటి ఉద్యోగం. క్లాసు మధ్యలో మూడుసార్లు లైను పోతే తీసేస్తామని క్లాసులు నడిపేవాళ్లు ముందే చెప్పారు. రెండుసార్లు పోయింది. మరిదికి ఫోన్ చేసి బతిమాలాను. "ఓపాలి ఆపి ఏసి సూడు వదినా, రేపొత్తాను" అన్నాడు. రాలేదు. మూడోసారి భిన్నాల కూడిక చెబుతుండగా పిల్లల మొహాలు తెర మీద బిగుసుకుపోయాయి. మర్నాడు పొద్దున్నే మెయిల్ వచ్చింది. పరవాడ వెళ్లే కంపెనీ బస్సుకి టైమవుతోందని చెప్పులేసుకుంటూ మా ఆయన, "పోన్లే, మనోడే కదా" అన్నాడు. ఆ మాటకి నా ఒళ్లు మండిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం క్రికెట్ ఫైనల్. మా వీధిలో టీవీలన్నీ నెట్ మీదే నడుస్తాయి. ఆఖరి ఓవర్ల దాకా ఓపిగ్గా కాచుకుని, పెట్టె ప్లగ్గు పీకేశాను. అంత హాయి నాకు ఎన్నాళ్లుగానో కలగలేదు.

మరిది బండేసుకుని పరుగున వచ్చాడు. జేబులో ఫోను మోగుతూనే ఉంది.

"ఏటి వదినా ఇది? ఈదంతా నన్ను తిట్టిపోత్తన్నారు!"

"ముందు మా వైరు మార్చు. తర్వాత చూద్దాం."

బండికి తగిలించిన చుట్టలోంచి కొత్త వైరు లాగి, మేడ దాకా వేశాడు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. పది నిమిషాలు. నా ఉద్యోగం పోయింది ఈ పది నిమిషాల పనికా అనుకుంటే ఏడుపొచ్చింది, దాని వెనకే కసి రెట్టింపయింది.

"అయిపోనాది. ప్లగ్గు ఎట్టీమంతావా?" అని చెయ్యి చాపాడు.

కుర్చీ లాక్కుని ప్లగ్గుకి అడ్డంగా కూర్చున్నాను.

"కూర్చో."

"ఎంతసేపు వదినా?"

"నా క్లాసు ముప్పావుగంట."

బయట ఎవరో అతన్ని పేరు పెట్టి కేకలేస్తున్నారు. అతను మెట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. భిన్నాలు కూడాలంటే ముందు కింది అంకెలు ఒకటి చెయ్యాలని మొదలుపెట్టి, పాఠం చివరిదాకా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు.